రేవు చూసి ఊరెంచుకోవాలి

కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు పాయలుగా చీలి, ఆ పాయల నడుమ కొన్ని దీవులను వదిలింది. వాటిలో ఒకటి ఎదురుమొండి, కృష్ణా జిల్లా నాగాయలంక మండలం. ఏటిమొగ రేవులో పంటు ఎక్కి దాటితే ఆ ఊరు. అక్కడికి ఈశాన్యాన, వశిష్ఠ గోదావరి నడుమ కనకాయలంక ఉంది. కాగితాల మీద అది పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలం. ఊరివాళ్ల రాకపోకలు మాత్రం కోనసీమ వైపు, చాకలిపాలెం నుంచి ఏటికి అడ్డంగా వేసిన కాజ్‌వే మీదుగా. జిల్లా ఒకటి, దారి ఇంకొకటి.

ఉద్యోగాలు ముగించుకుని హైదరాబాద్ వదిలేద్దామనుకున్నప్పుడు మా ఇద్దరి ముందు చివరికి మిగిలినవి ఈ రెండు ఊళ్లే. నా భార్యది దివిసీమ. నాది లంకల గన్నవరం దగ్గర. రెండు వైపులా చుట్టాలున్నారు, రెండు చోట్లా ఇల్లు దొరుకుతుంది, రెండు ఊళ్లలోనూ హారన్ మోత లేదు. మాలాగే ఏటి నడుమ ఊరు వెతుక్కునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డారు, పింఛను వస్తోంది, ఊపిరి పీల్చుకునే చోటు కావాలి. వెళ్లి చూసొస్తారు. సంక్రాంతికి వెళ్తారు, లేదా మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్తూ ఆగుతారు. ఏరు తేటగా ఉంటుంది, గట్టున అరటి గెలలు వేలాడుతుంటాయి, ఎవరో కొబ్బరి బొండాం కొట్టి చేతిలో పెడతారు. అక్కడే మనసు పడిపోతుంది.

ఆ నెలల్లో ఊరు తన సగం ముఖమే చూపిస్తుంది. మిగతా సగం చూడాలంటే శ్రావణంలో గోదావరి ఎర్రబడ్డాక వెళ్లాలి, కార్తీకంలో వాయుగుండం వార్త వచ్చినప్పుడు వెళ్లాలి, వైశాఖంలో బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడాలి. అన్నిటికన్నా ముందు రేవులో కూర్చోవాలి. ఎవరు దాటుతున్నారు, ఏం మోస్తున్నారు, పంటు ఆగిపోతే ఏం చేస్తారు? నీళ్ల నడుమ ఊరి మంచిచెడ్డలన్నీ రేవులోనే తెలుస్తాయి. ఇల్లు తర్వాత చూసుకోవచ్చు.

మనం వెతుక్కుంటూ వచ్చే ఆ ప్రశాంతత దేనివల్ల వచ్చిందో కూడా రేవులోనే తెలుస్తుంది. లారీలు రాలేవు, అందుకని దుమ్ము లేదు. అంబులెన్స్ కూడా రాలేదు. 108 వాహనం ఇవతలి ఒడ్డున ఆగితే రోగిని మంచంతో సహా దాటించాలి. ఎదురుమొండి దీవుల జనం వంతెన కోసం దశాబ్దాలుగా అడుగుతున్నారు. కనకాయలంక వాళ్లు కాజ్‌వే స్థానంలో ఎత్తయిన వంతెన కావాలంటున్నారు. పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, జి.పెదపూడి, బూరుగులంక, అరిగెలవారిపేటల కథ ఇంకా బాధ కలిగిస్తుంది. ఏటా ఎండాకాలంలో ఏట్లో మట్టి బాట వేసుకోవడం, తొలి వరదకే అది కొట్టుకుపోవడం, ఆ తర్వాత నెలల తరబడి పడవల మీద బడి, సంత, ఆసుపత్రి. లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవ ఎక్కే పిల్లల ఫొటోలు వరదల కాలంలో పత్రికల్లో చూస్తూనే ఉంటాం. మనకు నచ్చే నిశ్శబ్దానికి ఆ పిల్లలు బాకీ కడుతున్నారు.

అందుకే నాకు ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. వంతెన వస్తే ఊరు పాడవుతుందని దిగులు పడేవాళ్లు అలాంటి ఊరికి కాపురానికి వెళ్లకూడదు. వంతెన అర్జీ మీద సంతకం పెట్టగలిగితేనే వెళ్లాలి. బాలయోగి పేరు పెట్టిన ఎదుర్లంక - యానాం వంతెన రాకముందు అమలాపురం నుంచి కాకినాడ వెళ్లాలంటే గౌతమి మీద పంటు కోసం పడిగాపులు కాయాల్సి వచ్చేది. ఆ వంతెన వచ్చాక కోనసీమ అందం ఏమీ తరిగిపోలేదు. కాకినాడ పెద్దాసుపత్రి మాత్రం దగ్గరైంది.

ఇక మా రెండు ఊళ్ల సంగతి.

కనకాయలంకలో మా మేనమామ కొడుకు ఉంటాడు. మేం వస్తున్నామనగానే అతను మొదట చూపించింది ఇల్లు కాదు, గోడ మీది మరక. 2022 జులై వరద గుర్తు. ఆ నెల భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. లంకల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ కొలబద్దగా చెప్పేది మాత్రం 1986 ఆగస్టు వరదనే. అప్పుడు భద్రాచలంలో నీటిమట్టం 75 అడుగులు దాటింది.

“బావా, గోదారి చెప్పకుండా రాదు” అన్నాడు అతను. “భద్రాచలంలో ఎంతుందో పొద్దున్న ఫోన్లో చూసుకుంటాం. మర్నాటికి మన దగ్గర ఎంత వస్తుందో లెక్క కట్టుకుంటాం. పశువుల్ని గట్టు మీదకి తోలేస్తాం, బియ్యం అటక మీద పెడతాం. అక్కయ్యగారికి భయం అక్కర్లేదండి.”

ఆ మాటలో ఊరి అనుభవం మొత్తం ఉంది. గోదావరి వరదకు ఒక వరస ఉంది. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు. లంకవాసులకు ఈ అంకెలు నోటికి వచ్చు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరేసేసరికి చాలాసార్లు కనకాయలంక కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటాయి. ఆ తర్వాత పడవే దిక్కు. వరద తీసే వరకు, అంటే ఒక్కోసారి రోజులు, ఒక్కోసారి వారాలు. నెలలు నిండిన గర్భిణులను అధికారులు ముందే ఆసుపత్రులకు తరలిస్తారు. డయాలిసిస్ అవసరమైనవాళ్లు, గుండె జబ్బువాళ్లు ఎవరికి వారే ముందు జాగ్రత్త పడాలి. నాకు బీపీ మాత్రలు రోజూ కావాలి. వరద కాలానికి రెండు నెలల మందులు ఇంట్లో పెట్టుకోవడం అక్కడ ఉప్పు, పప్పు తెచ్చుకున్నంత మామూలు పని.

ఏరు ఇచ్చేదీ తక్కువ కాదు. వరద తీసిన లంక మీద ఒండ్రు మేట వేస్తుంది. ఆ మట్టిలో అరటి, కంద, కూరగాయలు, తమలపాకులు, పూలు ఎంత పచ్చగా వస్తాయో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎర్రనీటికి ఎదురీదుతూ పులస వస్తుంది. అది ఎవరికి దొరికిందన్న కబురు పడవకన్నా ముందే ఊళ్లు దాటుతుంది. తిండి విషయంలో నా భార్య మాత్రం ఓటమి ఒప్పుకోదు. దివిసీమ పీతల పులుసు, రొయ్యలు, ఎండు మెత్తళ్ల వేపుడు ముందు మా పనసపొట్టు కూర ఎక్కడికీ పనికిరాదని ఆమె వాదన. ఈ తగువు తీర్చే పెద్దమనిషి ఇంకా పుట్టలేదు.

లంకల మనుషులకు దాటించడం, దాటివచ్చినవాళ్లకు అన్నం పెట్టడం పాత అలవాటు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసే వరకు, వేళ కాని వేళలో వచ్చినా కులం అడగకుండా ఆకు వేసి వడ్డించారు. ఆ ఊరు వైనతేయ ఒడ్డున, రేవు దారిలో ఉంది. ఏరు దాటి అలసి వచ్చినవాళ్ల ఆకలి తెలిసిన ఊళ్లో ఆమె ఉన్నారు. అక్కడి కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. కాపురానికి ఊరు ఎంచుకునేటప్పుడు ఇలాంటివి లెక్కలోకి తీసుకోవడం అమాయకత్వం అనుకోను. ఇప్పటికీ లంకల్లో వరద రోజున ఎవరింట్లో పొయ్యి వెలిగినా పక్కింటికి కూర వెళ్తుంది.

ఎదురుమొండి దారి వేరు. నాగాయలంక దాటి ఏటిమొగ చేరితే అవతల మడ అడవుల పచ్చని అంచు కనిపిస్తుంది. మోటారు సైకిళ్లు, మేతమోపులు, గ్యాసు బండలు, రొయ్యల మేత బస్తాలు, బడి పంతుళ్లు, అందరూ ఒకే పంటు మీద. ఇక్కడ గడియారం కన్నా ఆటుపోట్లది పెద్ద మాట. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఆ వేళలు ఏ రోజుకారోజు ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతూ ఉంటాయి. అమావాస్యకు, పౌర్ణమికి నీరు బాగా ఎక్కుతుంది, బాగా తీస్తుంది. బాగా తీసినప్పుడు పంటును ఒడ్డుకు చేర్చడం సరంగు నేర్పు మీద ఆధారపడి ఉంటుంది. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకోవడం ఇక్కడ ఆచారం కోసం చేసే పని కాదు.

ఆ చుట్టుపక్కల మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోవి. చేపలు పట్టి తినే బావురుపిల్లి అక్కడ ఉంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుక తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ సిబ్బంది, ఊళ్లోని కుర్రాళ్లు కలిసి ఆ గుడ్లను నక్కలు, కుక్కలు తవ్వకుండా కాపాడి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదులుతారు. చూడగలిగితే అంతకన్నా మంచి తెల్లవారుజాము ఉండదు.

కానీ దివిసీమ మనిషికి సముద్రం అంటే 1977 నవంబరు 19. ఉప్పెన ఐదు మీటర్ల ఎత్తున లేచి కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే పది వేల మంది పోయారు. నాగాయలంక మండలంలో సొర్లగొంది లాంటి ఊళ్లు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయాయి. నా భార్య అప్పటికి చిన్నపిల్ల. ఆ రాత్రి ఒక పక్కా భవనం డాబా మీద వాళ్ల నాన్న భుజాన ఉండి బతికింది. పెళ్లయిన కొత్తలో నేను ఈ సంగతి అడిగితే చెప్పేది కాదు. ఈ ఊళ్ల వెతుకులాటలో, ఎదురుమొండి నుంచి తిరిగి వస్తూ పంటు మీద, అడగకుండానే చెప్పింది.

“ఏవండీ, నాకు భయం సముద్రం అంటే కాదు” అంది. “ఆ రోజు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. అదొక్కటే ఇన్నేళ్లుగా మనసులో ఉండిపోయింది.”

ఆమె మాట ఎంత నిజమో 1990 చెబుతుంది. ఆ ఏడాది మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీవ్ర తుపాను తీరం దాటింది. ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు వెయ్యి లోపే. వెయ్యి చిన్న సంఖ్య అని కాదు. అదే తీరం, పదమూడేళ్ల తేడా, మధ్యలో తుపాను షెల్టర్లు, రాడార్లు, వైర్‌లెస్ సెట్లు, ‘పోదాం పదండి’ అని ఇంటింటికీ తిరిగిన మనుషులు. ఇప్పుడు వాయుగుండం పుట్టినప్పటి నుంచి దాని దారి ఫోన్లో కనిపిస్తుంది. కాబట్టి సముద్రం చెప్పకుండా వస్తుందన్న పాత మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. ఖాళీ చేసి పొమ్మన్నప్పుడు పోవడానికి పంటు నడుస్తుందా, గాలి మొదలయ్యాక ఆగిపోతుందా అన్నదే ఎదురుమొండి దగ్గర అసలు ప్రశ్న. అక్కడివాళ్లు ఒక రోజు ముందే దాటేయమంటారు. ఆ క్రమశిక్షణ లేనివాళ్లకు అది ఊరు కాదు.

పైగా నదీముఖాన ఉన్న ఊరికి వరద కూడా తప్పదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. బ్యారేజీ చరిత్రలో అంత నీరు ఎన్నడూ రాలేదు. విజయవాడ మునిగిన సంగతి దేశమంతా చూసింది. ఆ నీళ్లు సముద్రానికి పోవాల్సింది దివిసీమ లంకల మీదుగానే. అటు కోనసీమ వాళ్లు కూడా తుపాను మనది కాదని చేతులు దులుపుకోలేరు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను అక్కడి కొబ్బరిని నేలమట్టం చేసి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది.

నీళ్ల మధ్య ఊరికి నీళ్ల కరవేంటని హైదరాబాద్ మిత్రులు ఆశ్చర్యపోతారు. సముద్రం దగ్గర ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలి ఉంటుంది. వానలు ఆ పొరను నింపుతాయి, చేతి పంపు దాన్ని పెద్దగా చెరపదు. మోటారు పెట్టి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకి లేస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు పడుతుంది. పక్కనే రొయ్యల చెరువులుంటే వాటి ఉప్పు కూడా నేలలోకి దిగుతుంది. ఎదురుమొండి వైపు ఇల్లు చూసేవాళ్లు గదులెన్నో లెక్కపెట్టే ముందు తాగునీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, వేసవిలో ఎన్ని రోజులకోసారి వస్తున్నాయో అడగాలి. కనకాయలంకలో ఈ బెడద తక్కువ. అయితే వరద రోజుల్లో చుట్టూ నీళ్లే ఉన్నా తాగడానికి క్యాన్లు పడవలో రావాలి.

ఇక నేల. లంక భూమి కొనేముందు దాని పుట్టుక తెలుసుకోవాలి. చాలా లంక భూములు ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టాలు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం వాటిని అమ్మడం, కొనడం నిషేధం. 2023లో చేసిన సవరణ ఇరవై ఏళ్లు దాటిన కొన్నిటికి దారి తెరిచింది గాని, ఎవరో ‘ఏం ఫర్వాలేదండీ’ అన్నారని డబ్బు కట్టకూడదు. తహసీల్దారు ఆఫీసులో రికార్డు చూడాల్సిందే. ఎదురుమొండి వైపైతే తీరప్రాంత నిర్మాణాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు కూడా ఉన్నాయి. మడ అడవుల పక్కన ఇల్లు లేపే హక్కు మనకు లేదు, ఉండకూడదు కూడా. 1977లో మడలు దట్టంగా ఉన్నచోట ఉప్పెన జోరు తగ్గిందని అక్కడి పెద్దలు చెబుతారు.

రికార్డు సరిగా ఉన్నా నేల నిలబడుతుందా అన్నది ఇంకో దిగులు. కృష్ణా, గోదావరి డెల్టాల తీరం కోతకు గురవుతోందని, ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం దానికి ముఖ్యకారణమని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కాకాని నాగేశ్వరరావు బృందం ఏళ్ల తరబడి పరిశోధించి చూపించింది. లంకల్లో కోత ఇంకా కళ్లెదుటే జరుగుతుంది. వరద తీస్తున్న రోజుల్లో గట్టు అంచున కొబ్బరి చెట్టు వేళ్లు బయటపడి, ఒరిగి, ఏట్లో పడిపోతుంది. తాతల నాటి తోటలో ఇవాళ ఎన్ని చెట్లున్నాయో లెక్కపెట్టుకుంటూ బతికే రైతులున్నారు. రివిట్‌మెంట్ రాయి కోసం వాళ్లు పెట్టుకునే అర్జీలకు బదులు రావడానికి ఇంకో రెండు వరదలు పడుతుంది.

కరెంటు, ఇంటర్నెట్ సంగతి చాలామంది అడుగుతారు. రెండు చోట్లా ఉన్నాయి, గాలివానకు రెండు చోట్లా పోతాయి. అంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు.

మేం చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. చిత్రంగా నేను ఎదురుమొండి వైపు మొగ్గాను, ఆమె కనకాయలంక అంది. నాకు ఆ మడలు, ఆ పోటుపాట్ల లెక్క, పంటు మీద అందరూ అందర్నీ పలకరించుకునే తీరు బాగా పట్టేశాయి. ఆమె పెదనాన్న కొడుకు కూడా “బావగారూ, మీరొస్తే మా బడి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పొచ్చు” అన్నాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి అంతకన్నా పిలుపు ఏం కావాలి?

ఆమె మాత్రం నా బీపీ చీటీ తీసి బల్ల మీద పెట్టింది. “రాత్రి పన్నెండింటికి మీకు గుండెల్లో నొప్పి వస్తే ఏటిమొగలో పంటు నడిపేవాణ్ణి లేపాలి. అవతలికి దాటాక నాగాయలంక, అక్కణ్ణుంచి అవనిగడ్డ, అక్కడ కాదంటే బందరు. కనకాయలంకలో ఏడాదిలో ఎక్కువ నెలలు కాజ్‌వే మీద కారు పోతుంది. గన్నవరం, అమలాపురం దగ్గర. కాజ్‌వే మునిగే నెలలేవో ముందే తెలుసు. ఆ నెలల్లో మీ ఒంట్లో బాగోకపోతే ముందే గట్టు మీద చుట్టాలింటికి పోదాం. చిన్నప్పుడు మాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఇక్కడ ముందే చెప్తారు. నాకది చాలు.”

ఆమె వాదనకు నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్ల వయసులో మేం ఈ నిర్ణయం తీసుకుని ఉంటే, చిన్నపిల్లల చదువో, చెరువుల వ్యాపారమో ఉండి ఉంటే, జవాబు మరోలా ఉండేదేమో. అరవై దగ్గరపడ్డ దంపతులకు ఎక్కువ నెలలు దాటగలిగే రేవే మంచి రేవు. ఎదురుమొండికి వంతెన పూర్తయి, రాత్రివేళ అంబులెన్స్ ఊళ్లోకి వచ్చే రోజున ఈ తూకం మారుతుంది. ఆ రోజు తొందరగా రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కొనడం లేదు. ముందు ఏడాది అద్దెకు ఉంటాం. ఇల్లు 2022 మరక కన్నా ఎత్తున, మెట్లెక్కి వెళ్లేలా ఉన్నది దొరికింది. మా మేనమామ కొడుకు ఉగాదికి దిగమన్నాడు. వద్దన్నాం. కాజ్‌వే మునిగాక మొదటి పడవలో సామాను దించుతామని చెప్పాం. రెండు నెలల మందులు, గ్యాసు బండ, బియ్యం బస్తా జాబితాలో మొదట రాసుకున్నాం. వేసవి సెలవుల్లో నెల రోజులు ఎదురుమొండి వెళ్లి ఆ పిల్లలకు లెక్కలు చెప్పడానికి మా బావమరిదికి మాటిచ్చాను. వంతెన కోసం వాళ్లు రాస్తున్న కొత్త అర్జీలో మా ఇద్దరి సంతకాలు కూడా పెట్టి వచ్చాం.